చదవడమే కదా, ఏమవుతుంది?

2025 నవంబరు 18న పొద్దున్నే న్యూజెర్సీ నుంచి మా బావగారు ఫోన్ చేశారు. "ఏమోయ్, మీ సాఫ్ట్‌వేర్ వాళ్ళు మళ్ళీ ఏం చేశారు? ట్విట్టర్ రావట్లేదు. చాట్‌జీపీటీ తెరుచుకోవట్లేదని మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు పక్కన పడేసి కూచుంది" అన్నారు. ఆయన దృష్టిలో అమెరికాలో ఏ కంప్యూటరు ఆగినా అందులో నాకు కొంత వాటా ఉంటుంది. "నాకేం తెలుసు బావగారూ, క్లౌడ్‌ఫ్లేర్ పడిపోయిందట" అని ఊరుకున్నాను.

మర్నాడు మళ్ళీ చేశారు. కారణం పేపర్లో చదివారట. "ఒక ఫైలు మామూలు కంటే పెద్దదయిందట, దాన్ని చదవబోయి కంప్యూటర్లన్నీ పడిపోయాయట. చదవడానికి పడిపోవడమేమిటోయ్? నేను ముప్ఫై ఏళ్ళుగా డాక్టర్ల చేతిరాత చదువుతున్నాను, ఒక్కసారీ పడిపోలేదే!" బావగారు ఫార్మసిస్టు. నవ్వుతూనే అడిగారు గానీ ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే, "చదవడమే కదా, ఏమవుతుంది?" అని ఒకప్పుడు నేనూ అనుకున్నవాణ్ణే. దానికి నేను చెల్లించిన మూల్యం కొద్దిపాటిదే. నా బదులు చెల్లించబోయినవాడు మాత్రం హైదరాబాదులో నైట్ షిఫ్టు చేస్తున్న ఒక కుర్రాడు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

రెండు పెద్ద ప్రమాదాలు

ముందు క్లౌడ్‌ఫ్లేర్ కథ. వెబ్‌సైటుకి వచ్చేది మనిషా, యంత్రమా అని తేల్చే విభాగం ఒకటి ఆ కంపెనీలో ఉంది. దానికి కావలసిన లక్షణాల జాబితా ఒక ఫైలు రూపంలో కొద్ది నిమిషాలకొకసారి తయారై ప్రపంచమంతటా ఉన్న వాళ్ళ యంత్రాలకి చేరుతుంది. ఆ రోజు ఒక డేటాబేసులో అనుమతులు మార్చారు. మంచి ఉద్దేశంతో, భద్రత పెంచడానికే మార్చారు. కానీ జాబితా తయారుచేసే క్వెరీకి అంతకు ముందు కనబడనివి కూడా కనబడ్డాయి. ఒకే వరస రెండుసార్లు వచ్చి ఫైలు ఉబ్బిపోయింది. చదివే ప్రోగ్రాము 200 లక్షణాల దాకానే చోటు కేటాయించుకుంది. అంతకు మించి వస్తే ఏం చెయ్యాలో ఎవరూ రాయలేదు. "ఎప్పుడూ రాదులే" అనుకున్నారు. వచ్చింది, ప్రోగ్రాము కూలింది. గ్రీన్‌విచ్ కాలం ప్రకారం 11:20 ప్రాంతంలో మొదలైన గొడవ పూర్తిగా సర్దుకునేసరికి సాయంత్రం ఐదు దాటింది. మొదట్లో వాళ్ళు కూడా ఎవరో దాడి చేస్తున్నారనే అనుకున్నారు.

అంతకు ముందు సంవత్సరం, 2024 జులై 19న జరిగిన క్రౌడ్‌స్ట్రైక్ ఉదంతం మీకు గుర్తుండే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర చూపించి ఆగిపోయాయి. హైదరాబాదు విమానాశ్రయంలో ఒక ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో మన వాట్సాప్ గ్రూపులన్నిటిలోనూ తిరిగింది. అక్కడా మూలం ఒక కాన్ఫిగరేషన్ ఫైలే. ఆ ఫైల్లోని నియమం 21 గడులను చూడమంది. చదివే ప్రోగ్రాముకి అందింది 20 గడులే. లేని ఇరవై ఒకటో గడి కోసం తనది కాని మెమరీలోకి చెయ్యి పెట్టింది, అంతే.

ఈ రెంటిలోనూ బయటి దొంగ ఎవడూ లేడు. కంపెనీ తన ఫైలుని తనే తయారుచేసి, తనే పంపి, తనే చదువుకుంది. "మన ఇంటి వంటే కదా" అని రుచి చూడకుండా విస్తట్లో వడ్డించడం లాంటిదిది. బయటివాడు ఇచ్చిన దాన్ని పదిసార్లు తిప్పి చూసే ప్రోగ్రామర్లు సొంత కాన్ఫిగరేషన్ ఫైలు దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసుకుంటారు. నేనూ మూసుకున్నాను.

కరణంగారి దస్త్రం

ఈ రంగంలో లేని పాఠకుల కోసం డైరెక్టరీ సర్వర్ గురించి రెండు ముక్కలు. పాత రోజుల్లో ఊళ్ళో ఎవరి పొలం ఎక్కడిదాకా, ఎవరి శిస్తు ఎంత అన్నది కరణంగారి దస్త్రంలో ఉండేది. తగువొస్తే ఆ దస్త్రమే సాక్షి. కంపెనీల్లో డైరెక్టరీ సర్వర్ అలాంటిదే. ఎవరు ఉద్యోగి, ఏ విభాగం, ఏ తలుపు తెరవొచ్చు, పాస్‌వర్డ్ సరైనదేనా అన్నది అందులోనే ఉంటుంది. మీరు పొద్దున్నే లాప్‌టాప్ తెరిచి పాస్‌వర్డ్ కొట్టగానే చాలాచోట్ల వెనక వెళ్ళేది ఈ సర్వర్ దగ్గరికే. దానితో మాట్లాడే పద్ధతి పేరు ఎల్డాప్. 1990ల మొదట్లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుని, 1993లో మొదటి ప్రమాణ పత్రంగా వెలువడింది. మైక్రోసాఫ్ట్ వారి యాక్టివ్ డైరెక్టరీ 2000లో వచ్చింది. ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్‌ఎల్డాప్, 389 డైరెక్టరీ సర్వర్ ప్రసిద్ధమైనవి. ఈ రెండోదాని పూర్వికుడు నెట్‌స్కేప్ వారిది. రెడ్‌హ్యాట్ 2004లో ఏఓఎల్ నుంచి కొని, మరుసటి ఏడాది సోర్స్ కోడ్ బయటపెట్టింది. 389 అన్నది ఎల్డాప్ వాడే పోర్టు నంబరు.

దస్త్రం ఒక్కటే ఉంటే అది తగలబడితే ఊరు మునుగుతుంది. అంచేత ఒక్కో ఆఫీసులో ఒక్కో నకలు ఉంచి, ఒకచోట మార్చింది మిగతాచోట్లకి వెళ్ళేలా చేస్తారు. దీన్నే రెప్లికేషన్ అంటారు. ఎవరి నుంచి ఎవరికి నకలు వెళ్ళాలో చెప్పేవి రెప్లికేషన్ ఒప్పందాలు. అవి కూడా సర్వర్ కాన్ఫిగరేషన్‌లో భాగమే.

ఇక నా సొంత గోడు

2014లో ఇక్కడ ఎమ్మెస్ పూర్తిచేసి ఉద్యోగంలో చేరాను. రెండు కంపెనీలు మారి, మూడోదానిలో డైరెక్టరీ సర్వర్ల బాధ్యత నాకొచ్చింది. పేరు అక్కరలేదు, అలాంటివి వందలున్నాయి. రెప్లికేషన్ సరిగా నడుస్తోందో లేదో అయిదు నిమిషాలకోసారి చూసే చిన్న స్క్రిప్టు కావాలన్నారు. ఒక మధ్యాహ్నం కూచుని నలభై పంక్తుల్లో రాసేశాను. ముందు సర్వర్ కాన్ఫిగరేషన్ ఫైలు, అంటే డీఎస్ఈ డాట్ ఎల్డిఫ్, తెరిచి ఒప్పందాల పేర్లు ఏరడం. తర్వాత ఒక్కో పేరు పెట్టి సర్వర్ని "దీని నకలు చివరిసారి ఎలా జరిగింది?" అని అడగడం. తప్పులు లెక్కపెట్టి, సున్నా అయితే పచ్చ దీపం, లేకపోతే ఎర్ర దీపం. అంతే.

ఆ ఫైలుని సర్వర్ నడిపే యూజరు తప్ప ఇంకెవరూ చదవలేరు. నా స్క్రిప్టు నడిచేది వేరే యూజరు కింద. ఏం చేశాను? ఒక్క కమాండుతో ఫైలుని అందరూ చదివేలా మార్చేశాను. చదవడమే కదా, ఏమవుతుంది! అందులో సర్వర్ మహారాజు పాస్‌వర్డ్ తాలూకు హాష్ ఉంటుందన్న సంగతి నాకు తెలియక కాదు. ఆ మధ్యాహ్నం గుర్తు రాలేదు.

మూడేళ్ళు పచ్చ దీపం వెలిగింది. 2023లో కొత్త డేటా సెంటరు ఒకటి వచ్చింది. దానికి కొత్త ఒప్పందం పెట్టారు, పేరు కాస్త పొడుగ్గా. ఎల్డిఫ్ ఫైళ్ళకి ఒక అలవాటుంది. పంక్తి మరీ పొడుగైతే విరిచి, మిగతా భాగాన్ని ఒక ఖాళీ వదిలి కింది పంక్తిలో రాస్తుంది. 2000లోనే ప్రమాణ పత్రంలో రాసిపెట్టిన నియమమిది. నా స్క్రిప్టు గ్రెప్‌తో ఒక్కో పంక్తే ఏరుకునేది. అంతవరకు పేర్లన్నీ పొట్టివి కాబట్టి సరిపోయింది. ఈ కొత్త పేరు సగానికి తెగింది. ఆ సగం పేరుతో సర్వర్ని అడిగితే "అలాంటిదేదీ లేదు" అని తప్పు చూపింది. ఆ తప్పు సందేశాన్ని నేను ముందే గంగలో కలిపేశాను. తెర మీద చెత్త పడుతోందని స్క్రిప్టులో అలా రాసుకున్నాను మరి. జవాబు ఖాళీ. ఖాళీలో తప్పులెన్ని? సున్నా. పచ్చ దీపం.

కొన్నాళ్ళకి ఆ డేటా సెంటరుకి నకలు వెళ్ళడం ఆగిపోయింది. పదకొండు రోజులు ఎవరికీ తెలియలేదు. ఆ పదకొండు రోజుల్లోనే కంపెనీలో లే-ఆఫ్‌లు జరిగాయి. ఉద్యోగం పోయినవాళ్ళ ఖాతాలు మిగతా అన్నిచోట్లా మూసుకున్నాయి, అక్కడ మాత్రం తెరిచే ఉన్నాయి. పాస్‌వర్డ్ మార్చుకున్న ఒకావిడ "నా పాత పాస్‌వర్డ్ ఇక్కడ ఇంకా పనిచేస్తోందేమిటి?" అని టికెట్ పెడితే విషయం బయటపడింది. వెళ్ళిపోయినవాళ్ళెవరూ ఆ తలుపు ముట్టుకోలేదు. అది వాళ్ళ మర్యాద. మా కాపలా గొప్పతనం ఏమీ లేదు.

మర్నాడు పెద్ద కాల్. మానిటరింగ్ చూసేది హైదరాబాదు టీం. ఆ పదకొండు రాత్రుల్లో ఎక్కువ రాత్రులు డ్యూటీలో ఉన్న కుర్రాణ్ణి లైన్లోకి పిలిచారు. "నువ్వు ఎలా చూడలేదు?" అని మేనేజరు అడిగాడు. "సార్, స్క్రీన్ మీద గ్రీన్ ఉంది సార్" అన్నాడతను. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ అదే చెప్పాడు. మూడోసారి గొంతు తగ్గింది. "ఐ విల్ బీ మోర్ కేర్‌ఫుల్ సార్" అన్నాడు.

నేను మ్యూట్‌లో ఉన్నాను. తప్పెక్కడుందో అప్పటికే నాకు అర్థమైపోయింది, ముందు రాత్రే స్క్రిప్టు తెరిచి చూసుకున్నాను. హెచ్-1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 60 రోజుల గడువు. కొత్తగా ఇల్లు కొన్నాం, పాపకి అప్పుడు రెండేళ్ళు. ఆ లెక్కలన్నీ ఆ రెండు నిమిషాల్లో తల్లో తిరిగాయి. కాల్ అయిపోయింది, నోరు విప్పలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అతను గొంతు తగ్గించి అన్న మాటే చెవుల్లో ఉంది. పదేళ్ళ క్రితం ఆ కుర్చీలో నేనుండాల్సింది. మా నాన్న అప్పు చేసి విమానం ఎక్కించబట్టి ఈ కుర్చీలో ఉన్నాను. అంతే తేడా.

పొద్దున్నే మేనేజరుకి రాశాను. స్క్రిప్టు నాది, తప్పు ఫలానా పంక్తిలో ఉంది, ఆ కుర్రాడికి చూపించిన దీపం అబద్ధపుది అని. ఉద్యోగం పోలేదు. ఆ ఏడాది రేటింగు ఒక మెట్టు తగ్గింది. దర్యాప్తులో అందరికీ తెరిచిపెట్టిన ఫైలు కూడా బయటపడి, దానికి వేరే అక్షింతలు పడ్డాయి.

కాపలావాడి నడుముకే తాళాల గుత్తి

నాది చిన్న కథ. ఈ కోవలో పెద్ద కథలకీ కొదవలేదు. మానిటరింగ్ అంటే చాలా సంస్థల్లో లెక్కలేని పని. కొత్తగా చేరినవాళ్ళకో, బయటి కాంట్రాక్టరుకో అప్పగిస్తారు. కానీ అన్ని గదులూ తొంగి చూడాలంటే అన్ని గదుల తాళాలూ కాపలావాడి దగ్గరే ఉండాలి. దొంగకి ఇంటాయన కంటే కాపలావాడే ముద్దు.

2020 డిసెంబరులో బయటపడిన సోలార్‌విండ్స్ దాడి ఈ సూత్రం మీదే నడిచింది. ఓరియన్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లలో దొంగ కోడ్ చొప్పించారు. సుమారు 18,000 మంది ఖాతాదారులు ఆ అప్‌డేట్లు తీసుకుని ఉండొచ్చని ఆ కంపెనీయే చెప్పింది. అమెరికా ట్రెజరీ, కామర్స్ శాఖల దాకా అది పాకింది. 2021 ఫిబ్రవరిలో ఫ్రాన్సు ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ ఇంకో సంగతి చెప్పింది. సెంట్రియాన్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ నడిపే సర్వర్లలోకి 2017 చివరినుంచి 2020 దాకా చొరబాట్లు జరిగాయట. ఇహ 2021 డిసెంబరులో వచ్చిన లాగ్4షెల్ గురించి మన సాఫ్ట్‌వేర్ పాఠకులకి వేరే చెప్పక్కర్లేదు, ఆ సెలవుల్ని చాలామందిమి ఆఫీసుకే ధారపోశాం. కేవలం లాగ్ రాసుకోవడానికి ఉన్న ప్రోగ్రాము, ఎవరో పంపిన వాక్యంలోని చిరునామా పట్టుకుని పరాయి ఎల్డాప్ సర్వర్ని పలకరించి, అది పంపిన కోడ్‌ని తెచ్చి నడిపేసేది.

చూసేవాడు, రాసుకునేవాడు, చదివేవాడు నిరపాయమన్న నమ్మకమే ఈ కథలన్నిటిలోనూ దొంగకి దారి ఇచ్చింది.

మరి ఎలా చదవాలి?

ఆ దెబ్బ తిన్నాక నేను పెట్టుకున్న నియమాలు ఇవి. మనలో చాలామంది ఇలాంటి స్క్రిప్టులు రాసేవాళ్ళో, రాయించేవాళ్ళో కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మొదటిది, సర్వర్ బతికి ఉండగా ఫైలు జోలికి పోకూడదు, సర్వర్నే అడగాలి. ఫైల్లో ఉన్నది, సర్వర్ ప్రస్తుతం నడుపుతున్నది ఒకటే కానక్కర్లేదు. ఎవరైనా ఫైలుని చేత్తో మార్చి, సర్వర్ని మళ్ళీ మొదలుపెట్టకపోతే రెండూ వేరే. 389 సర్వర్ అయినా, ఓపెన్‌ఎల్డాప్ అయినా తమ కాన్ఫిగరేషన్‌ని మామూలు సమాచారం లాగే ఎల్డాప్ ప్రశ్నలతో చదవనిస్తాయి. పనితీరు లెక్కలకి వేరే విభాగం ఉంది. ఓపెన్‌ఎల్డాప్ అయితే తన కాన్ఫిగరేషన్ ఫైళ్ళ నెత్తినే "ఇది యంత్రం రాసినది, దిద్దవద్దు" అని బోర్డు పెడుతుంది.

రెండోది, అడిగేవాడికి ప్రత్యేకమైన ఖాతా ఉండాలి. దానికి కావలసిన నాలుగు లక్షణాలు చదివే అనుమతి చాలు. పాస్‌వర్డ్ హాష్‌లు దాని కంటికి కనబడకూడదు. సర్వర్ మహారాజు ఖాతాతో మానిటరింగ్ నడపడం అంటే పాలు పోయించుకోవడానికి పాలవాడికి బీరువా తాళం ఇవ్వడమే.

మూడోది పాస్‌వర్డ్. కమాండు పక్కనే పాస్‌వర్డ్ రాస్తే, ఆ యంత్రంలో నడుస్తున్న పనుల జాబితా చూసే ఎవరికైనా అది కనబడొచ్చు. ఫైల్లో పెట్టి, స్క్రిప్టు యూజరు తప్ప వేరెవరూ చదవకుండా చెయ్యాలి. ఇక్కడొక గోతిలో నేను పడ్డాను. ఎల్డాప్‌సెర్చ్ ఆ ఫైల్లో ఉన్నదంతా, చివరి కొత్త పంక్తి గుర్తుతో సహా, పాస్‌వర్డ్‌గా తీసుకుంటుంది. ఎకో కమాండుతో రాస్తే ఆ గుర్తు చేరిపోతుంది. అప్పుడు అయిదు నిమిషాలకోసారి తప్పు పాస్‌వర్డ్ వెళ్ళి చివరికి ఖాతాయే లాక్ అవుతుంది. స్క్రిప్టు, సర్వర్ ఒకే యంత్రంలో ఉంటే ఇంకా మంచి దారి ఉంది. లోపలి సాకెట్ ద్వారా అడిగితే అవతల ఉన్నది ఏ యూజరో ఆపరేటింగ్ సిస్టమే చెబుతుంది, పాస్‌వర్డ్ గొడవే లేదు.

నాలుగోది, సర్వర్ పడిపోయిన వేళ ఫైలే చదవాల్సివస్తే ఎల్డిఫ్ చదవడం తెలిసిన లైబ్రరీతోనే చదవాలి. విరిగిన పంక్తులు, రెండు కోలన్లతో వచ్చే బేస్64 విలువలు, ఒకే లక్షణానికి నాలుగైదు విలువలు, పెద్దబడి చిన్నబడి అక్షరాల తేడాలు, ఇవన్నీ గ్రెప్‌కి తెలియవు. పైతాన్‌లో ఈ పనికి తయారుగా మాడ్యూల్ ఉంది. 389 వాళ్ళయితే ఆరోగ్య పరీక్ష చేసే కమాండే సాఫ్ట్‌వేర్‌తో పాటు ఇస్తున్నారు. నేను నలభై పంక్తులు రాయాల్సిన అవసరమే లేదు.

అయిదోది, కాన్ఫిగరేషన్‌ని చదవాలి గానీ నడపకూడదు. షెల్ స్క్రిప్టులో సోర్స్ అని ఒక ఫైలుని లోపలికి లాగితే అందులో ఉన్నదంతా అమలవుతుంది. పైతాన్‌లో యామల్ ఫైళ్ళని పాత పద్ధతిలో చదివితే అందులో దాచిన కోడ్ నడిచే ప్రమాదం ఏళ్ళ తరబడి ఉండేది. 2021లో వచ్చిన ఆరో వెర్షను నుంచి, ఎలా చదవాలో మనమే స్పష్టంగా చెప్పాలన్న నిబంధన పెట్టారు.

ఆరోది అన్నిటికంటే ముఖ్యం. తెలియకపోవడం వేరు, బాగుండటం వేరు. నాగియోస్ పద్ధతిలో స్క్రిప్టు ఇచ్చే జవాబులు నాలుగు. సున్నా అంటే బాగుంది, ఒకటి అంటే జాగ్రత్త, రెండు అంటే ప్రమాదం, మూడు అంటే తెలియదు. ఆ మూడోదాన్ని వాడేవాళ్ళు తక్కువ. నా స్క్రిప్టులో అది లేనే లేదు. ఖాళీ జవాబు వచ్చినా, అడిగిన పేరు దొరక్కపోయినా, గడువులోగా సర్వర్ పలకకపోయినా "తెలియదు" అనే చెప్పాలి. ఎన్ని ఒప్పందాలు ఉండాలో ముందే తెలిస్తే, అన్నీ లెక్కకి వచ్చాయా అని కూడా చూడాలి. క్రౌడ్‌స్ట్రైక్ ఇరవై ఒకటో గడి కథ, క్లౌడ్‌ఫ్లేర్ రెండువందల లెక్క కథ కూడా దీనికి దగ్గరవే. ఊహించనిది ఎదురైనప్పుడు కూలిపోవడం ఒక తప్పు. అంతా బాగుందని పచ్చ దీపం వెలిగించడం అంతకంటే పెద్ద తప్పు.

తప్పు ఒప్పుకోగలిగే చోటు

ఈ నియమాలన్నీ ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. పుస్తకంలో దొరకనిది ఒకటుంది. నేను ఆ కాల్‌లో మ్యూట్ తీయకపోవడానికి కారణం సాంకేతికమైంది కాదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించిన రాత్రి మన ఇళ్ళల్లో ఎంత కలవరం రేగిందో అందరం చూశాం. భయం పెరిగినకొద్దీ మనిషి తన తప్పుని దాచుకుంటాడు. దాచిన తప్పు స్క్రిప్టులో అలాగే ఉండి, ఎక్కడో రాత్రి మేలుకుని ఉన్న ఇంకొకడి నెత్తిన పడుతుంది. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళు ప్రమాదం జరిగిన రోజునే ఏ క్వెరీ, ఏ పరిమితి, ఏ పంక్తి అన్నది పూర్తిగా రాసి లోకం ముందు పెట్టారు. దాని వల్ల వాళ్ళ పరువు పోయిందని నేననుకోను.

మనలో ఇప్పుడు చాలామంది మేనేజర్లయ్యారు. హైదరాబాదు, విశాఖ టీములతో రోజూ కాల్స్‌లో ఉంటున్నారు. వాళ్ళకి నాదొక మనవి. "నువ్వు ఎలా చూడలేదు?" అని అడిగే ముందు "నీకు తెర మీద ఏం కనబడింది?" అని అడగండి. ఆ రోజు ఎవరైనా అలా అడిగి ఉంటే, నేను ఒప్పుకోకముందే నిజం బయటపడేది.

ఆ కుర్రాడికి తర్వాత ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. "అయ్యో, పరవాలేదన్నా. ఆ స్క్రిప్టు నాక్కూడా నేర్పిస్తారా?" అన్నాడు. కొత్త స్క్రిప్టు ఇద్దరం కలిసే రాశాం. "తెలియదు" అన్న జవాబుకి ఊదా రంగు దీపం పెట్టింది అతనే.

మొన్న బావగారితో ఇదంతా చెప్పాను. విని, "చేతిరాత అర్థం కాకపోతే మేమేం చేస్తామో తెలుసా? ఊహించి మందు ఇవ్వం. డాక్టరుకి ఫోన్ చేస్తాం. ఆయన దొరకకపోతే మందు ఆపుతాం. పేషెంటు తిట్టినా సరే" అన్నారు.

ముప్ఫై ఏళ్ళుగా ఆయన పడిపోకపోవడానికి కారణం అదే.